మైనం కరిగించిన గిన్నె



నవంబరు నెల వచ్చిందంటే మన సంఘాలలో కొవ్వొత్తుల మాట మొదలవుతుంది. క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనకు కొన్ని, ఇంటి కిటికీలో పెట్టుకోవడానికి కొన్ని, స్త్రీల సమాజం వారు అమ్మకానికి పెట్టేవి కొన్ని. మైనం కొనుక్కొచ్చి, అచ్చులు తెచ్చుకొని, పదిమందీ ఒకచోట కూర్చుని కొవ్వొత్తులు పోసుకోవడం మంచి పని. ఖర్చు కలిసి వస్తుంది, పిల్లలకు పని అబ్బుతుంది, నాలుగు మాటలూ కలుస్తాయి. చేసే విధానం చెప్పేవారికి కొదవ లేదు. మైనం ఎంత, రంగు ఎంత, వత్తి ఎంత లావు ఉండాలి, అన్నీ చెబుతారు. చేశాక ఆ గిన్నె, ఆ గరిటె, ఆ అచ్చులు, ఆ గచ్చు ఎలా శుభ్రం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు.

అందువల్ల జరిగేది మనకు తెలిసినదే. కొవ్వొత్తులు తయారవుతాయి, అందరూ మెచ్చుకుంటారు, చీకటి పడుతోందని ఎవరి ఇళ్ళకు వారు వెళతారు. మైనం గడ్డకట్టిన గిన్నె మాత్రం సింకులో మిగులుతుంది. అది ఎవరి చేతికి వస్తుంది? ఆ ఇంటి కోడలికో, పనిమనిషికో, గుడి ఊడ్చే అమ్మకో. ఆ గిన్నెలో ఏమి కరిగించారో ఆమెకు తెలియదు. సబ్బు వేసి రుద్దుతుంది, పోదు. మరుగుతున్న నీళ్ళు పోసి తూములోకి వంపుతుంది, తూము పూడుకుపోతుంది. చివరికి గిన్నెను నేరుగా మంట మీద పెడుతుంది, లేదా ఏదైనా నూనె తెచ్చి తుడుస్తుంది. ప్రమాదం వచ్చేది అక్కడే.

కాబట్టి ఈ నెల మేము చెప్పదలచినది ఒక్కటే: మైనం కరిగించిన చేతులే ఆ గిన్నెను శుభ్రం చేయాలి. శుభ్రం చేసేదాకా పని పూర్తి అయినట్లు కాదు. ఎలా చేయాలో తెలిస్తే అది అరగంట పని, తెలియకపోతే రెండు రోజుల చాకిరి.

గిన్నెలో ఉన్నది ఏమిటి?

ముందుగా మనం దేనిని కడుగుతున్నామో తెలుసుకోవాలి. "కొవ్వొత్తి" అనే మాటను విడదీసి చూడండి. కొవ్వు, వత్తి. పూర్వం పశువుల కొవ్వు కరిగించి వత్తి చుట్టూ పోసేవారు. ఆ సంగతి ఇంకా మన మాటలో మిగిలి ఉంది. ఈనాడు అంగడిలో తెల్లని పలకలుగా దొరికేది చాలావరకు పారఫిన్ మైనం. అది పెట్రోలియం శుద్ధి చేసేటప్పుడు వస్తుంది. జర్మనీ దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ రైషెన్‌బాక్ 1830లో దీనిని వేరుచేసి, లాటిన్ భాషలో "బంధుత్వం తక్కువ" అనే అర్థం వచ్చేలా పేరు పెట్టాడు. వేరే పదార్థాలతో అంత సులువుగా కలవదు కనుక ఆ పేరు వచ్చింది. మన గిన్నె తోమేటప్పుడు ఆ పేరు ఎంత సరియైనదో తెలిసివస్తుంది. నీళ్ళతో కలవదు, సోడాతో కలవదు, సబ్బును లెక్కచేయదు.

తేనెమైనం వేరు. అది తేనెటీగలు కట్టిన తుట్టెనుండి వస్తుంది. 62 నుండి 64 డిగ్రీల సెంటీగ్రేడు వేడి దగ్గర కరుగుతుంది. జిగురు ఎక్కువ గనుక గరిటెను వదలదు. కొవ్వొత్తులకు వాడే పారఫిన్ రకాన్నిబట్టి సుమారు 50 నుండి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన చేయి ఓర్చుకోగలిగిన వేడినీళ్ళు ఇంచుమించు 45 డిగ్రీలు దాటవు. అంటే మనం చేయి పెట్టి గిన్నె తోమగలిగిన నీళ్ళలో మైనం గట్టిగానే ఉంటుంది. సబ్బు పని చేయకపోవడానికి కారణం ఇదే. నూనె అయితే ద్రవంగా ఉండి, చిన్న చిన్న బొట్లుగా విడిపోయి, సబ్బు నురగతో కలిసి పోతుంది. గట్టిగా ఉన్న మైనాన్ని సబ్బు పట్టుకోలేదు. ఎంత రుద్దినా పీచు పాడవుతుంది, చేతులు పాడవుతాయి, మైనం పాడవదు.

సరే, మరుగుతున్న నీళ్ళు పోద్దామంటారా? మైనం కరుగుతుంది, నిజమే. గిన్నె వంపగానే అందంగా జారిపోతుంది కూడా. కాని పోయినది ఎక్కడికి? తూము గొట్టంలో రెండు బారలు పోయేసరికి నీళ్ళు చల్లబడతాయి. మైనం గొట్టం గోడకు అంటుకుంటుంది. దానిమీద మెతుకులు, జుట్టు, జిడ్డు చేరతాయి. పదిరోజులకు సింకు నిండి నీళ్ళు వెనక్కి వస్తాయి. గొట్టం విప్పించడానికి పెట్టిన డబ్బుతో డజన్లకొద్దీ కొవ్వొత్తులు కొనుక్కోవచ్చు. గుర్తుంచుకోండి: కరిగిన మైనం గాని, మైనం కలిసిన వేడినీళ్ళు గాని తూములో పోయకూడదు. మరుగుదొడ్డిలోనూ పోయకూడదు.

పెద్దల పనితనం చెప్పే పాఠం

మైనంతో పనిచేసి, పని అయ్యాక దానిని తీసివేయడం మన ప్రాంతపు చేతిపనివారికి కొత్త కాదు. కోరమాండల్ తీరంలో కలంకారీ బట్టలు అద్దేవారు పూర్వం నీలిరంగు అంటకూడని చోట్ల కరిగిన మైనం పూసి, బట్టను నీలిమందు తొట్టెలో ముంచేవారు. తర్వాత మరిగే నీళ్ళతో ఆ మైనాన్ని వదిలించేవారు. పుదుచ్చేరి ప్రాంతంలో పనిచేసిన ఫ్రెంచి మిషనరీ కేర్‌దూ 1742లో వ్రాసిన ఉత్తరంలో ఈ అద్దకం పద్ధతులను వివరించారు. ఇక ఆదిలాబాదు ప్రాంతపు డోక్రా పనివారు మైనంతో బొమ్మ చేసి, దానిమీద మట్టి పూసి, కాలుస్తారు. లోపలి మైనం కరిగి పోగా ఏర్పడిన ఖాళీలో లోహం పోస్తారు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ రెండు పనులలోనూ మైనాన్ని ఎవరూ సబ్బుతో తోమరు, గోటితో గీకరు. వేడి చూపి పంపిస్తారు. మైనం వేడికి లొంగుతుంది. దానికి మేము ఇంకొక్క మాట కలుపుతాము: బాగా చల్లబడితే అదే కుంచించుకొని, పెళుసుబారి విడిపోతుంది. వెచ్చగా ఉన్నప్పుడు తుడవండి, చల్లగా ఉన్నప్పుడు ఊడదీయండి. నడిమధ్య గోరువెచ్చగా, మెత్తగా ఉన్నప్పుడు మాత్రం ముట్టుకోకండి. అప్పుడు గీకితే చేతికీ, గరిటెకూ, గచ్చుకూ అంటుకొని ఒకచోటిది నాలుగు చోట్లకు పాకుతుంది.

పని మొదలుపెట్టకముందే

సగం శుభ్రత పొయ్యి వెలిగించకముందే జరుగుతుంది.

మైనానికి ఒక గిన్నెను వేరుగా పెట్టేయండి. పాతదైనా సరే, చిల్లు లేనిది, పిడి గట్టిగా ఉన్నది, వీలైతే ఒక పక్క మూతి ఉన్నది చూసుకోండి. దానికో గరిటె, ఒక కర్రపుల్ల చాలు. వాటిమీద రంగుతో గుర్తు పెట్టండి. ఇక అవి వంటకు రావు. రంగులు, పరిమళాలు కలిపిన మైనం ఉడికిన గిన్నెలో పిల్లలకు పాలు కాచకూడదు. ఎంత తళతళలాడేలా తోమినా సరే. మరి వేరే గిన్నె అయినప్పుడు కడగడం దేనికని మీరు అడగవచ్చు. ఎర్రమైనం మిగిలిన గిన్నెలో తెల్లమైనం పోస్తే గులాబి రంగుకు తిరుగుతుంది. అడుగున పేరుకున్న దుమ్ము, వత్తి ముక్కలు కొత్త కొవ్వొత్తిలో చేరితే అది చిటపటలాడుతుంది.

గచ్చుమీద, బల్లమీద పాత వార్తాపత్రికలు రెండు మూడు పొరలు పరవండి. గుడ్డ పీలికలు, పాత కాగితాలు చేతికందేలా పెట్టుకోండి. ఒక పాత డబ్బాను మిగిలిన మైనానికి, ఇంకొకదానిని చెత్తకు కేటాయించండి. నూలు చీర గాని, నూలు ఏప్రాను గాని కట్టుకొని, కొంగు దోపుకోండి. నైలాను, పాలియెస్టరు బట్టలు మంట దగ్గర మంచివి కావు.

మైనం గిన్నెను నేరుగా మంట మీద పెట్టకండి. వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి, అడుగున చిన్న స్టాండు పెట్టి, దానిమీద మైనం గిన్నె ఉంచండి. నీళ్ళు 100 డిగ్రీలు దాటి వేడెక్కవు గనుక మైనం కూడా దాటదు. నేరుగా మంట మీదనైతే మైనం వేడి పెరుగుతూనే ఉంటుంది. సుమారు 200 డిగ్రీలు దాటితే దానినుండి లేచే ఆవిరి అంటుకోగలదు. శుభ్రం చేయడానికి కూడా ఇది మేలు. నేరుగా మంటపై కాగిన గిన్నె అడుగున మైనం మాడి, గోధుమరంగు పొక్కు కడుతుంది. అది వదలడం కష్టం.

గిన్నె శుభ్రం చేసే పద్ధతి

ఆఖరి అచ్చు నిండగానే పొయ్యి ఆపండి. అప్పుడు వరుసగా ఇలా చేయండి.

మొదటిది, మిగిలిన మైనాన్ని డబ్బాలోకి వంపండి. చివరి బొట్టు వరకూ పోనివ్వండి. అది వృథా కాదు, మరోసారికి పనికి వస్తుంది.

రెండవది, గిన్నె ఇంకా వేడిగా ఉండగానే, పిడిని మందపాటి గుడ్డతో పట్టుకొని, నలిపిన వార్తాపత్రికతో లోపల తుడవండి. వేళ్ళు కాలకుండా కాగితాన్ని గరిటెతో గాని పట్టుకారుతో గాని నొక్కి తిప్పండి. గిన్నె చల్లబడి మైనం గట్టిపడితే, దానిని మళ్ళీ నీళ్ళ గిన్నెలో ఉంచి వేడిచేసి తుడవండి. కాగితం మూడు నాలుగు సార్లు మార్చేసరికి దాదాపు అంతా పోతుంది. మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. ఇక్కడ బద్ధకించినవారు తర్వాత మూడింతలు శ్రమపడతారు.

మూడవది, వేరే పాత్రలో నీళ్ళు మరిగించి, కొద్దిగా గిన్నెలు తోమే సబ్బు వేసి, తుడిచిన గిన్నెలో పోయండి. గరిటెను, పుల్లను అందులోనే వేయండి. మిగిలిన పల్చని పొర కరిగి పైకి తేలుతుంది. మైనం నీళ్ళకంటే తేలిక కదా! ఇక గిన్నెను కదపకుండా పక్కన పెట్టండి. పూర్తిగా చల్లారేసరికి పైన పల్చని రేకులా మైనం గడ్డకడుతుంది. దానిని చేత్తో ఎత్తి డబ్బాలో వేయండి. మిగిలిన నీళ్ళను గుడ్డతో వడగట్టి ఆరుబయట మట్టిలో పోయండి. సింకులో వద్దు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మైనం మందంగా గడ్డకట్టి, దాని కింద నీళ్ళు ఉన్న గిన్నెను ఎప్పుడూ పొయ్యి మీద పెట్టకండి. కింద నీళ్ళు ఆవిరవుతాయి, పైన మైనం మూతలా బిగుసుకొని ఉంటుంది. ఆవిరికి దారి లేక ఒక్కసారిగా పైకి చిమ్ముతుంది. ముఖం మీద పడే ప్రమాదం ఉంది. ముందు తుడిచి, తర్వాత నీళ్ళు పోయమని చెప్పింది ఇందుకే.

నాలుగవది, ఇప్పుడు మామూలుగా సబ్బు, పీచు పెట్టి తోమండి. ఇంకా జిడ్డుగా ఉంటే, అది స్టీలు గిన్నె అయితే, వేడినీళ్ళలో కొంచెం చాకలి సోడా వేసి కాసేపు ఉంచవచ్చు. అల్యూమినియం గిన్నెకు, అంటే మన సత్తు గిన్నెకు, చాకలి సోడా తగలనివ్వకండి. సోడా ఆ లోహాన్ని తినివేస్తుంది, గిన్నె నల్లబడుతుంది.

అచ్చుల విషయంలో దీనికి వ్యతిరేకంగా చేయాలి. వేడి కాదు, చలి కావాలి. రేకు అచ్చులను, సిలికాన్ అచ్చులను ఒక అరగంట ఫ్రిజ్‌లో పై అరలో పెట్టండి. మైనం కుంచించుకుంటుంది. తిరగేసి మెల్లగా తడితే ముక్కలుగా రాలిపోతుంది. ఫ్రిజ్ లేకపోతే చల్లని నీళ్ళ బేసిన్‌లో ఉంచండి. కత్తితో గీకకండి. అచ్చు లోపల ఒక్క గీత పడితే ఆ తర్వాత పోసిన ప్రతి కొవ్వొత్తి మీదా ఆ గీత కనిపిస్తుంది. గాజు అచ్చులను వేడినుండి తిన్నగా చలిలోకి తీసుకుపోవద్దు, పగులుతాయి.

కొవ్వు, నూనె కలిసినప్పుడు

కొందరు సహోదరీలు చలికాలంలో మడమల పగుళ్ళకు తేనెమైనం, కొబ్బరినూనె కలిపి కాచుకుంటారు. కొందరు చెప్పులకు, తోలు పట్టీలకు మైనం, కొవ్వు కలిపిన పూత చేసుకుంటారు. ఇలాంటి గిన్నెలు కడగడం కొంత సులువు. నూనెకు, కొవ్వుకు సబ్బుతో, సోడాతో చుట్టరికం ఉంది. పారఫిన్‌కు అది లేదు. అయినా వరుస అదే: వేడిగా తుడవాలి, తర్వాతే కడగాలి.

ఈ కొవ్వుల సంగతిలో ఇంకొక మాట చెప్పాలి. మైనం, కొవ్వు కలిపిన పూత మన దేశ చరిత్రలో ఎంత కలవరం రేపిందో పిల్లలు పాఠాలలో చదువుకుంటారు. 1857 జనవరిలో కలకత్తా దగ్గరి డమ్ డమ్‌లో, కొత్త ఎన్‌ఫీల్డు తుపాకి తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట సిపాయిలలో వ్యాపించింది. తూటా గొట్టంలో సులువుగా జారడానికి పూసే పూత అది. తూటా కాగితాన్ని పళ్ళతో కొరికి తెరవాలి గనుక హిందువులకూ, ముస్లిములకూ అది భరించరానిదైంది. తర్వాత సిపాయిలే తమకు సమ్మతమైన పూతను తెచ్చి పూసుకోవచ్చని అధికారులు అనుమతించారు గాని, అప్పటికే నమ్మకం పోయింది. ఈనాటికీ కొన్ని దేశాలలో వేటకు, పోటీలకు తూటాలను ఇంటిలోనే పోసుకునేవారు తేనెమైనం, కొవ్వు కరిగించి అలాంటి పూత చేసుకుంటారు. వారికీ మనకున్న చిక్కే, గిన్నె శుభ్రం చేయడం. సీసం తగిలిన పాత్రలు, గుడ్డలు వంటింటి ఛాయలకు రాకూడదన్నది వారికి అదనపు నియమం. సీసం విషం, పిల్లలకు మరీ హాని.

ఇది ఎందుకు చెబుతున్నామంటే, గిన్నెలో ఏమి కరిగించామన్నది మనకు చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, పక్కింటివారికి కాకపోవచ్చు. పండుగ పనికి చాలలేదని పొరుగింటి గిన్నె అడిగి తెచ్చుకోవడం మన పల్లెలలో మామూలే. అందులో పశువుల కొవ్వు కరిగించి, తోమేసి, ఏమీ చెప్పకుండా తిరిగి ఇవ్వడం న్యాయం కాదు. మైనం పనికి అరువు గిన్నె వద్దే వద్దు. మన గిన్నె మనది, దాని జిడ్డూ మనదే.

చేయకూడనివి

కిరసనాయిలు, పెట్రోలు, పెయింటు థిన్నరు మైనాన్ని కరిగిస్తాయి. ఆ మాట నిజం. పూర్వం కొందరు అలాగే తుడిచేవారు. కాని వేడిగా ఉన్న గిన్నెపై వాటిని పోస్తే లేచే ఆవిరి దగ్గరలో ఉన్న పొయ్యినో, అగరువత్తినో చేరి అంటుకుంటుంది. పెట్రోలు ఆవిరి నేలబారున పాకి దూరానున్న మంటను కూడా అందుకుంటుంది. ఒక గిన్నె కోసం ఇల్లు పణంగా పెట్టడమెందుకు? పైన చెప్పిన వేడి, కాగితం, నీళ్ళు చాలు.

మైనం గిన్నె పొరపాటున అంటుకుంటే నీళ్ళు పోయకండి. నీళ్ళు కాగిన మైనం అడుగుకు దిగి, క్షణంలో ఆవిరై, మండుతున్న మైనాన్ని పైకప్పు దాకా విసురుతాయి. పొయ్యి ఆపి, సరిపోయే మూతను పక్కనుండి జరిపి కప్పండి. గాలి అందక మంట ఆరుతుంది. చల్లారేవరకు మూత తీయకండి, గిన్నెను ఎత్తుకొని బయటికి పరుగెత్తకండి. అందుకే పని మొదలుపెట్టేటప్పుడే సరిపడే మూత పక్కన ఉండాలి.

చేతిమీద మైనం పడితే వెంటనే కుళాయి కింద పెట్టి, చల్లని నీళ్ళు 20 నిమిషాలపాటు పారనివ్వండి. అతుక్కున్న మైనాన్ని బలవంతంగా పీకకండి, చర్మం ఊడివస్తుంది. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, పసుపు పూయకండి. ఐసుగడ్డ పెట్టకండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయండి. బొబ్బలు పెద్దవైనా, ముఖం, కన్ను, పసిపిల్లలు అయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. 108కి ఫోను చేయండి.

బట్టలు, బెంచీలు, గచ్చు

క్రిస్మస్ రాత్రి అందరి చేతులలో వెలిగించిన కొవ్వొత్తులు ఉన్నప్పుడు, మరునాడు గుడి శుభ్రం చేసేవారికి బెంచీల మీదా, గచ్చు మీదా, బల్లమీది తెల్లగుడ్డ మీదా మైనం బొట్లు కనిపిస్తాయి. ఒక్కొక్క కొవ్వొత్తికి అట్టముక్క మధ్యలో చిల్లు పెట్టి తొడిగితే సగం బెడద తగ్గుతుంది. సండే స్కూలు పిల్లలకు ఆ పని అప్పగించవచ్చు.

చెక్క బెంచీ మీద పడినదానిని గట్టిపడనిచ్చి, ప్లాస్టిక్ సంచిలో వేసిన ఐసుముక్కలు దానిమీద రెండు నిమిషాలు ఉంచి, పాత ప్లాస్టిక్ స్కేలుతో నెట్టండి. పలుకులా లేచివస్తుంది. బ్లేడు వాడితే పాలిషు పోతుంది. గచ్చుకూ ఇదే పద్ధతి. మిగిలిన మరకను వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడవండి. గచ్చుమీద మైనం పొర మిగిలితే కాలు జారుతుంది. పెద్దవారు నడిచే చోటు గనుక జాగ్రత్తగా చూడండి.

బట్టమీద పడితే ముందు గట్టిపడిన మైనాన్ని చెంచా అంచుతో తీసివేయండి. తర్వాత బట్టకు కిందా పైనా తెల్లకాగితం గాని, అద్దుడు కాగితం గాని పెట్టి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టెను పైన ఉంచండి. మైనం కరిగి కాగితంలోకి పోతుంది. కాగితం మార్చుతూ, జిడ్డు అంటనంతవరకు చేయండి. అచ్చు వేసిన వార్తాపత్రిక ఇక్కడ వద్దు, సిరా బట్టకు అంటుతుంది. పట్టు చీరకు, సింథటిక్ బట్టకు ఇస్త్రీ వేడి బాగా తగ్గించి, ముందు అంచున ఒక మూల చూసుకోండి. మైనం పూర్తిగా పోయాకనే ఉతకండి.

మిగిలినది పారేయకండి

డబ్బాలో చేరిన మైనాన్ని, రేకుల్లా ఎత్తిన ముక్కలను, కాలిన కొవ్వొత్తుల మొదళ్ళను రంగులవారీగా దాచండి. తడి పూర్తిగా ఆరనివ్వండి. తిరిగి నీళ్ళ గిన్నెలో కరిగించి, పాత నూలుగుడ్డ మీద వడగడితే వత్తి ముక్కలు, మసి పోతాయి. కరెంటు పోయినప్పటి అవసరానికి చిన్న చిన్న దీపాలు పోసుకోవచ్చు. అమ్మకానికి చేసే స్త్రీల సమాజాలకైతే ఈ మిగులే తర్వాతి విడతకు కొంత పెట్టుబడి. మైనం తుడిచిన కాగితాలు, ఆరుబయట కట్టెల పొయ్యిమీద నీళ్ళు కాచుకునే ఇళ్ళలో, కట్టె అంటించడానికి బాగా పనికివస్తాయి. వాటిని వంటగ్యాసు పొయ్యి దగ్గర కుప్ప పోయకండి.

చివరగా

ఈసారి స్త్రీల సమాజంలో కొవ్వొత్తుల పనికి పేర్లు వ్రాసుకునేటప్పుడు, మైనం తెచ్చేవారు, వత్తులు పెట్టేవారు, అచ్చులు నింపేవారు అని పంచుకుంటారు కదా. ఆ కాగితం మీదనే శుభ్రం చేసేవారి పేర్లు కూడా వ్రాయండి. మైనం కరిగించినవారి పేరే అక్కడ ఉండాలి. పని ముగించే వేళను అరగంట ముందుకు జరపండి. చీకటి పడకముందే గిన్నె తుడిచి, అచ్చులు విప్పి, పత్రికలు మడిచి, గచ్చు చూసుకొని లేవండి.

ఆ గుడి ఊడ్చే అమ్మ కూడా మనతో సమానంగా క్రిస్మస్ జరుపుకోవలసిన మనిషే. మరునాడు పొద్దున ఆమె తలుపు తీసేసరికి సింకు ఖాళీగా, గచ్చు పొడిగా, గిన్నెలు బోర్లించి ఉంటే, ఆమెకు మనం ఇవ్వగలిగిన కానుకలలో అది చిన్నది కాదు. ఆమె చేతులు కాలవు, ఆమె పండుగ పాడవదు. కొవ్వొత్తి వెలుగు అందరూ చూస్తారు. దాని వెనుక గిన్నె కడిగిన చేతులను ఎవరూ చూడరు. ఆ చేతులు మనవే కానివ్వండి.

వచ్చే నెల మళ్ళీ కలుసుకుందాము.